పోలు, పోల్, లెక్క

చాలా ఏళ్ల తర్వాత పెళ్లిలో ఎదురుపడిన చుట్టం ‘నన్ను పోల్చుకున్నావా?’ అంటుంది. తనను ఎవరితోనైనా పోల్చి చూశావా అని కాదు, గుర్తుపట్టావా అని. తెలుగులో పోల్చడం అనే పనికి ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. రెండింటిని పక్కపక్కన పెట్టి ఎంతవరకు ఒకేలా ఉన్నాయో చూడటం ఒకటి. చూసి, ఇది అదేనని ఆనవాలు పట్టడం మరొకటి. మొదటిది చేసినంత మాత్రాన రెండోది అయిపోదు. మేనమామ పోలిక ఉన్నవాడల్లా మేనమామ కాడు. అయినా మాట ఒకటే కావడంతో ఒక పనిలోంచి ఇంకో పనిలోకి తెలియకుండానే జారిపోతాం.

ఈ ‘పోలు’ అచ్చ ద్రావిడం. తమిళంలో పోల్, మలయాళంలో పోలె. కన్నడంలో పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు, పోలు హోలు అయింది. పోలికను వాళ్లు హోలికె అంటారు. మన కావ్యభాషలో దీనికి ‘తగు’ అనే అర్థం కూడా ఉండేది. ‘పోలదు’ అంటే తగదని. ఒకదానిలా ఉండటం, ఒకచోట ఇమడటం అప్పట్లో అంత దగ్గరి సంగతులు.

ఎన్నికల రోజుల్లో పేపరు నిండా కనిపించే పోల్‌కు దీనితో ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషు పోల్ అంటే మొదట తల, ముఖ్యంగా నడినెత్తి. పైభాగం నరికేసిన చెట్టును పోలార్డ్ అంటారు. కొమ్ముల్లేని పశువు పోల్డ్. తోకకప్పకు టాడ్‌పోల్ అనే పేరు కూడా అలా వచ్చిందే. టాడ్ అంటే గోదురుకప్ప, పోల్ అంటే తల. ఒళ్లంతా తలే అయిన కప్ప అన్నమాట. తలకు ఇంత అని వసూలు చేసిన పన్ను పోల్ ట్యాక్సు. 1381లో ఇంగ్లండ్ రైతులు తిరగబడింది దానిమీదే. 1990లో థాచర్ ప్రభుత్వం తెచ్చిన కొత్త స్థానిక పన్నుకు జనం ఆ పాత పేరే తగిలించి వీధుల్లోకొచ్చారు. ఓటింగ్‌కు పోల్ అనే పేరు వచ్చింది కూడా తలలు లెక్కపెట్టడం వల్లే. పోలింగ్ బూతు అంటే తలల లెక్క జరిగే చోటు.

కాబట్టి ఎన్నికకు పోల్ అనే మాట సరైనదే. ఒపీనియన్ పోల్‌కే ఆ పేరు అతకదు. అందులో తలలన్నీ లెక్కపెట్టరు. వెయ్యిమందినో రెండువేలమందినో అడిగి, మిగిలిన కోట్లమందీ వీళ్లను పోలి ఉంటారంటారు. అక్కడ జరిగేది ఇంగ్లీషు పోల్ కాదు, తెలుగు పోలు. ఈ రెండు మాటల ధ్వని కలవడం ఉత్త కాకతాళీయమే గానీ, కొన్ని కాకతాళీయాలు నిఘంటువుకన్నా తెలివైనవి.

వెయ్యిమందిని సక్రమంగా ఎంచుకుంటే వచ్చే అంకె మూడు శాతం అటూఇటూగా నిజానికి దగ్గరగా ఉంటుంది. దేశంలో ఓటర్లు కోటిమందైనా యాభై కోట్లమందైనా దాదాపు అంతే. ఇది గణితం, దీనితో పేచీ లేదు. ఇక్కడ అందరూ అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక మెతుకు చాలంటారు. కానీ మెతుకుకు భయం ఉండదు. పట్టుకుంటే మొహం తిప్పుకుని వెళ్లిపోదు, పక్కింటివాడు వింటున్నాడేమోనని ఒక మాటకు ఇంకో మాట చెప్పదు. ఆ మూడు శాతం హద్దులో ఇవేవీ చేరవు. అది యాదృచ్ఛికంగా జరిగే తప్పుకే హద్దు.

ఇక అసలు సంగతి. ఒక దేశంలో ప్రభుత్వం ప్రకటించిన ఎన్నికల ఫలితాన్ని ఎవరూ నమ్మలేని పరిస్థితి వచ్చిందనుకోండి. ఓట్ల పెట్టెలు వాళ్ల చేతిలోనే, లెక్కించేదీ వాళ్లే, గెలిచామనేదీ వాళ్లే. అప్పుడు బయటివాళ్లు చేసిన స్వతంత్ర సర్వేను తెచ్చి ఆ ఫలితాన్ని సరిచూడవచ్చా? పోల్‌ను పోలుతో సరిచూడటం ఎంతవరకు చెల్లుతుంది?

2004 నవంబరులో పందొమ్మిది రోజుల తేడాతో రెండు దేశాల్లో ఈ ప్రశ్న లేచింది. నవంబరు 2న అమెరికా అధ్యక్ష ఎన్నికలో, బూతు నుంచి బయటికొచ్చిన ఓటర్లను అడిగి చేసిన ఎగ్జిట్ పోల్ జాన్ కెరీకి మొగ్గు చూపించింది. గెలిచింది జార్జి బుష్. నవంబరు 21న ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నికలో రెండో విడత పోలింగ్. ఎగ్జిట్ పోల్‌లో ప్రతిపక్ష అభ్యర్థి యుష్చెంకోకు 53 శాతం, అప్పటి ప్రధాని యనుకోవిచ్‌కు 44 శాతం వచ్చాయి. ఎన్నికల సంఘం మాత్రం యనుకోవిచ్ 49.46, యుష్చెంకో 46.61 అని ప్రకటించింది. రెండుచోట్లా సర్వేకూ ఫలితానికీ పొంతన లేదు. కానీ ప్రపంచం అమెరికాలో సర్వేను తప్పుబట్టింది, ఉక్రెయిన్‌లో ఫలితాన్ని తప్పుబట్టింది.

ఇది పక్షపాతమని అప్పట్లో చాలామంది ఎద్దేవా చేశారు. పూర్తిగా కాదు. అమెరికా ఎగ్జిట్ పోల్ చేసిన ఎడిసన్, మిటోఫ్‌స్కీ సంస్థలు 2005 జనవరిలో తమ పొరపాటును తామే విప్పి చూపాయి. బూతుల వారీగా చూస్తే ఇద్దరి మధ్య తేడాలో సగటున ఆరున్నర శాతం కెరీ వైపు ఒరిగింది. బుష్ ఓటర్లకన్నా కెరీ ఓటర్లు ఆగి జవాబు చెప్పడానికి ఎక్కువ ఇష్టపడ్డారన్నది వాళ్ల నిర్ధారణ. ఆ రెండో సంస్థకు పేరిచ్చిన మిటోఫ్‌స్కీ చిన్నవాడేం కాదు. 1967లో కెంటకీ గవర్నరు ఎన్నికప్పుడు సీబీఎస్ టీవీ కోసం ఈ పద్ధతిని మొదలుపెట్టినవాడే.

ఉక్రెయిన్‌లో సుప్రీంకోర్టు డిసెంబరు 3న ఫలితాన్ని రద్దుచేసింది. తీర్పుకు ఆధారం మాత్రం ఎగ్జిట్ పోల్ కాదు. ఓటర్ల జాబితాల్లో జరిగిన అవకతవకలు, వేరే చోట ఓటేయడానికి ఇచ్చే ధ్రువపత్రాల దుర్వినియోగం, ఇళ్ల దగ్గర వేయించిన ఓట్లు వంటి కాగితం మీద చూపగలిగిన ఉల్లంఘనలే అక్కడ నిలిచాయి. డిసెంబరు 26న మళ్లీ పోలింగ్ జరిగితే యుష్చెంకోకు 52, యనుకోవిచ్‌కు 44 శాతం వచ్చాయి. నవంబరు ఎగ్జిట్ పోల్‌కు అద్దం పట్టినట్టే ఉంది. అంటే ఆ సర్వే నిజాన్ని పోలింది. పోలిందని తేలడానికి మాత్రం మరో ఎన్నిక కావలసి వచ్చింది.

వెనెజువెలా కథ ఇంకా పదునైనది. ఒకే దేశం, ఇరవై ఏళ్ల ఎడం.

2004 ఆగస్టు 15న అధ్యక్షుడు ఛావెజ్‌ను దించాలా వద్దా అని జనవాక్య సేకరణ జరిగింది. పెన్, షోయెన్ అండ్ బర్లాండ్ అనే అమెరికన్ సంస్థ ఎగ్జిట్ పోల్ చేసి, దించాలన్నవాళ్లు 59 శాతం, వద్దన్నవాళ్లు 41 అంది. జనం ఇంకా క్యూలలో ఉండగానే ఆ అంకె బయటికొచ్చేసింది. అధికారిక ఫలితం దానికి అచ్చం తలకిందులు: వద్దన్నవాళ్లు 59, దించాలన్నవాళ్లు 41. ప్రతిపక్షం మోసమంది. ఓటర్లను అడిగిన కార్యకర్తలు ఛావెజ్‌ను దించాలని సంతకాలు సేకరించిన సంస్థవాళ్లేనన్న సంగతి కూడా బయటపడింది. కార్టర్ సెంటర్, అమెరికా ఖండ దేశాల సంస్థ కొన్ని యంత్రాలను నమూనాగా తీసుకుని, వాటి పెట్టెల్లో పడిన ఓటు చీటీలను లెక్కింపజేసి, అధికారిక ఫలితం నిజమేనన్నాయి.

2024 జులై 28న అధ్యక్షుడు మదురోకూ ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొంజాలెజ్‌కూ పోటీ. ఎడిసన్ రీసెర్చ్ ఎగ్జిట్ పోల్‌లో గొంజాలెజ్‌కు 65, మదురోకు 31. అదే రోజు మదురో గెలుస్తున్నాడని చెప్పిన మరో సంస్థ ఎగ్జిట్ పోల్ కూడా ఉంది. అర్ధరాత్రి ఎన్నికల మండలి మదురో 51.2, గొంజాలెజ్ 44.2 అని చదివింది. బూతుల వారీ అంకెలు మాత్రం బయటపెట్టలేదు.

2004 అనుభవం గుర్తున్నవాళ్లెవరైనా 2024 ఎగ్జిట్ పోల్‌ను కొట్టిపారేయవచ్చు. అది కూడా అమెరికన్ సంస్థే, ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో కెరీ వైపు ఒరిగింది కూడా ఆ సంస్థే. తప్పు చెప్పిన సర్వే, ఒప్పు చెప్పిన సర్వే పైకి కవలపిల్లల్లా ఉంటాయి. రెండింటికీ నమూనా, శాతాలు, హద్దు, విశ్వాసంగా మాట్లాడే పెద్దమనిషి ఉంటారు. ఏది ఏదో పోల్చుకోవడానికి సర్వేలో గుర్తేమీ ఉండదు.

గుర్తు బూతులో ఉంది. వెనెజువెలాలో ఓటేసే యంత్రం పోలింగ్ ముగియగానే ఒక పొడవాటి కాగితాన్ని అచ్చువేస్తుంది. దాన్ని అక్కడ ఆక్తా అంటారు. పైన పోలింగ్ కేంద్రం పేరు, కోడ్, బూతు నంబరు. కింద ఏ పార్టీ గుర్తు మీద ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో వరసగా. అడుగున అదే సమాచారం ఇమిడిన క్యూఆర్ కోడ్, సిబ్బంది సంతకాలు, పార్టీల సాక్షుల సంతకాలు. ముందు ఆక్తా అచ్చవ్వాలి, ఆ తర్వాతే అంకెలు రాజధానికి చేరాలి. సాక్షులకు తలా ఒక ప్రతి ఇవ్వాలన్నది చట్టం. ప్రతిపక్షం నెలల ముందునుంచే తన సాక్షులకు ఈ ప్రతి తీసుకోనిదే బూతు కదలొద్దని నూరిపోసింది. కొన్నిచోట్ల ఇవ్వలేదు, కొన్నిచోట్ల సాక్షుల్ని గెంటేశారు. అయినా ముప్పై వేల చిల్లర బూతుల్లో ఎనభై శాతానికి పైగా ఆక్తాలను పోగేసి, స్కాన్ చేసి అందరికీ కనిపించేలా పెట్టారు. వాటి మొత్తం గొంజాలెజ్‌కు 67 శాతం, మదురోకు 30.

ఎగ్జిట్ పోల్ 65–31, ఆక్తాలు 67–30. పక్కపక్కన పెడితే ఆ సర్వే ఎంత మంచి సర్వేనో తెలుస్తుంది. గమనించాల్సింది ఈ వరస. కాగితం సర్వేను నిలబెట్టింది గానీ సర్వే కాగితాన్ని నిలబెట్టలేదు. 2004లో సర్వేను పడగొట్టింది కూడా కాగితమే.

ఇక్కడ తెలంగాణ తెలుగు ఒక చమత్కారం చేస్తుంది. కోస్తాలో ‘వాళ్ల నాన్నలా ఉన్నాడు’ అనే చోట అక్కడ ‘వాళ్ల నాయన లెక్కనే ఉన్నడు’ అంటారు. పులి లెక్క, పిచ్చోని లెక్క. గణితానికీ పోలికకూ ఒకే మాట. సర్వేల వ్యాపారం మొత్తాన్ని ఆ ఒక్క మాటలో ఇరికించవచ్చు. వాళ్లు మనకు ఇచ్చేది లెక్క లెక్క కనబడే వస్తువు.

అయితే లెక్క పుట్టుక చూస్తే వేరే దారి కనిపిస్తుంది. దాని మూలం సంస్కృతంలో రాయడం అనే అర్థమున్న లిఖ్. ప్రాకృతంలో లెక్ఖ, హిందీలో లేఖా. లేఖ, లేఖరి, లెక్క ఒక ఇంటివే. లెక్కంటే మొదట రాసిపెట్టింది అని. నోటితో చెప్పింది లెక్క కాదు, రాసి ఒకరి చేతిలో పెట్టింది లెక్క. మన జంటపదం లెక్కాపత్రం ఎందుకు జంటైందో చూడండి. లెక్క లోపలే పత్రం ఉన్న సంగతి మరిచిపోయాక, గుర్తుచేయడానికి పత్రాన్ని మళ్లీ పక్కన కూర్చోబెట్టుకున్నాం. సర్వేకు లెక్క ఉంటుంది, పత్రం ఉండదు. ఏ ఓటరు ఏం చెప్పాడో సర్వే చేసినవాడు చెప్పిందే వినాలి.

2009 ఇరాన్‌లో ఆ పత్రం లేకపోవడమే మొత్తం గొడవ. జూన్ 12న పోలింగ్. అధ్యక్షుడు అహ్మదినెజాద్‌కు 62 శాతం పైన, ప్రత్యర్థి మూసవీకి 34 శాతం లోపు వచ్చాయని ప్రభుత్వం అనూహ్యమైన వేగంతో ప్రకటించింది. టెహ్రాన్ వీధులు నిండిపోయాయి. మూడు రోజులకు వాషింగ్టన్ పోస్టులో ఇద్దరు అమెరికన్లు రాసిన వ్యాసం వచ్చింది. తమ సంస్థ ఎన్నికకు మూడు వారాల ముందు, మే 11 నుంచి 20 దాకా, పొరుగు దేశం నుంచి ఫోన్లు చేయించి 1,001 మంది ఇరానియన్లను అడిగిందనీ, అందులో అహ్మదినెజాద్ రెండుకు ఒకటి కన్నా ఎక్కువ తేడాతో ముందున్నాడనీ, కాబట్టి ఫలితం ప్రజల మాటే కావచ్చనీ వాళ్ల వాదన.

స్వతంత్ర సర్వే ఫలితాన్ని ధ్రువీకరించిందని కొందరు సంతోషించారు. అంకెలు దగ్గర పెట్టుకుని చూద్దాం. ఆ సర్వేలో అహ్మదినెజాద్‌కు 34 శాతం, మూసవీకి 14. ఇంకా తేల్చుకోలేదన్నవాళ్లు 27. మిగతావాళ్లలో చాలామంది చెప్పనే లేదు. రెండింతలన్నది నిజమే, కానీ సగం మంది నోరు తెరవని సర్వేలో రెండింతలు. సర్వే ముగిసేనాటికి టీవీలో అభ్యర్థుల ముఖాముఖి చర్చలు మొదలే కాలేదు. పైగా దేశంకాని దేశం నుంచి ఎవరో ఫోన్‌చేసి మీ ఓటు ఎవరికండీ అంటే ఇరాన్ పౌరుడు ఏం చెబుతాడు? అబద్ధమే చెప్పాడని నేననను. అతను చెప్పిందాన్ని బట్టి ఏదీ చెప్పలేమంటాను. సర్వే చేసినవాళ్లు స్వతంత్రులే కావచ్చు, జవాబు చెప్పినవాడు కాదు. స్వతంత్ర సర్వే అనే మాటలో స్వాతంత్ర్యాన్ని మనం ఎప్పుడూ అడిగేవాడికే కట్టబెడతాం.

చిత్రమేమిటంటే, ఇరాన్ ఫలితాన్ని నిజంగా ఇరకాటంలో పెట్టింది సర్వే కాదు, ప్రభుత్వం సొంత అంకెలే. యాభై నగరాల్లో అక్కడి ఓటర్ల సంఖ్యకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయని ఎన్నికలను పర్యవేక్షించే గార్డియన్ కౌన్సిల్ తానే ఒప్పుకుంది. ఇరానీయులు ఎక్కడున్నా ఓటేయవచ్చు కాబట్టి అది వింతేం కాదని సర్దిచెప్పింది. ఆ జవాబు నిజం కూడా కావచ్చు. బూతు దగ్గర సంతకాలతో, ప్రతులతో చేతులు మారిన కాగితం ఉంటే ఆ జవాబును ఒక పూటలో తేల్చుకునేవాళ్లు.

కాగితాన్ని నమ్ముకున్నవాళ్లు అంతకు ముందునుంచే ఉన్నారు. 1986 ఫిబ్రవరి 7న ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడు మార్కోస్ మీద కొరజాన్ అక్వినో పోటీచేసినప్పుడు నామ్‌ఫ్రెల్ అనే పౌరసంఘం ఎవరినీ మీరెవరికి ఓటేశారని అడగలేదు. దాని వాలంటీర్లు బూతుల్లో తయారైన లెక్కపత్రాల ప్రతులు పట్టుకొచ్చి కూడుకున్నారు. వాళ్ల మొత్తంలో అక్వినో ముందు, ఎన్నికల సంఘం మొత్తంలో మార్కోస్. రెండు రోజులకు సంఘం లెక్కింపు కేంద్రంలోని కంప్యూటర్ ఆపరేటర్లు ముప్పై మందికి పైగా లేచి బయటికి నడిచారు. తాము ఎక్కించిన అంకెలకూ బోర్డు మీద కనిపిస్తున్న అంకెలకూ పొంతన లేదన్నారు. ఈ పద్ధతిలోనూ నమూనా తీయవచ్చు. బూతులన్నిటి పత్రాలూ దొరకకపోతే కొన్నిటిని సక్రమంగా ఎంచుకుంటే చాలు. క్విక్ కౌంట్ అంటే అదే. మనిషికి బదులు కాగితాన్ని అడుగుతారు. కాగితం జవాబు చెప్పడానికి జంకదు, అడిగినవాణ్ణి బట్టి మాట మార్చదు.

మన సంగతికి వస్తే, సర్వేలతో ఫలితాన్ని సరిచూడాలనే కోరిక మనకు రాకపోవడానికి కారణం మన సర్వేలే. 2018 తెలంగాణ ఎన్నికల్లో ప్రజాకూటమి గెలుస్తుందని లగడపాటి రాజగోపాల్ చెప్పారు. టీఆర్ఎస్‌కు 119లో 88 వచ్చాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ అన్నారు. వైసీపీకి 151 వచ్చాయి. సర్వేలతో ఆయనకొచ్చిన ఆంధ్రా ఆక్టోపస్ అనే బిరుదు అంతటితో సరి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో పేరున్న సంస్థలు ఎన్డీయేకు 350 నుంచి 400 దాకా ఇచ్చాయి. వచ్చినవి 293. ఆ ఎగ్జిట్ పోల్స్‌ను నమ్మి జూన్ 3న ఎగబాకిన సెన్సెక్స్ జూన్ 4న ఒక్కరోజే 4,390 పాయింట్లు పడింది. స్వతంత్ర సర్వేలే గీటురాయి అయితే ఆ రోజు ఎన్నికల సంఘాన్ని అనుమానించాల్సింది పాలకపక్షమే. ఆ మాట ఎవరూ అనలేదు, అనాలనిపించలేదు కూడా.

మనకూ ఒక ఆక్తా ఉంది. దాని పేరు ఫారం 17సి. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసరు కంట్రోల్ యూనిట్ నంబరు, రిజిస్టరులో సంతకాలు చేసిన ఓటర్ల సంఖ్య, యంత్రంలో నమోదైన ఓట్ల మొత్తం, కాగితపు సీళ్ల నంబర్లు అందులో రాసి, కూర్చున్న ఏజెంట్లకు ప్రతి ఇవ్వాలి. వెనెజువెలా కాగితంలో ఎవరికెన్నో ఉంటాయి, మనదాంట్లో మొత్తం ఎన్నో మాత్రమే. ఎవరికెన్నో తేలేది కౌంటింగ్ రోజున. ఓటరుకు ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడే వీవీప్యాట్ చీటీ ఆ లోటు తీర్చాలి. ఈ చీటీల్లో సగమైనా లెక్కించాలని చంద్రబాబు నాయుడు మరో ఇరవై పార్టీల నాయకులతో కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు అసెంబ్లీ సెగ్మెంటుకు ఒకటిగా ఉన్నదాన్ని అయిదు బూతులకు పెంచి ఊరుకుంది. నాకైతే ఆ అయిదు తక్కువే అనిపిస్తుంది. సర్వేల గురించి టీవీలో జరిగే చర్చలో పదో వంతు ఈ అంకె గురించి జరిగినా బాగుండేది.

కౌంటింగ్ టేబుల్ దగ్గర యంత్రం సీలు విప్పాక ముందు నంబరు చూస్తారు, తర్వాత మొత్తం ఓట్లు చూస్తారు. ఎదురుగా వల అవతల కూర్చున్న ఏజెంటు తన చేతిలోని 17సి ప్రతి మీద వేలు పెట్టుకుని ఆ అంకె కోసం చూస్తుంటాడు. అక్కడ అందరూ వాడే మాట ‘సరిపోయింది’. ‘సరిపోలింది’ అని ఎవరూ అనరు. సరిపోకపోతే ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. చివర్లో గెలుపు తేడా ఆ యంత్రంలోని ఓట్లకన్నా ఎక్కువుంటే దాన్ని ముట్టుకోరు. తక్కువైనా సమానమైనా ఆ బూతు చీటీల పెట్టె తెచ్చి, చీటీలు ఒక్కొక్కటీ తీసి అభ్యర్థుల వారీగా గళ్లలో వేసి లెక్కపెడతారు. యంత్రం ఒకటి చెప్పి చీటీలు ఇంకొకటి చెబితే, 56డి నిబంధన ప్రకారం నిలిచేది చీటీల లెక్కే.